ముదిరిన రొమ్ము క్యాన్సర్: మందు కన్నా ముందు పరీక్ష

రొమ్ములో మొదలైన క్యాన్సర్ ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో, మెదడుకో పాకినప్పుడు దానిని నాలుగో దశ అంటారు. ఈ దశకు చేరిన జబ్బును పూర్తిగా నయం చేస్తామని ఏ వైద్యుడూ హామీ ఇవ్వడు. పాతికేళ్ల క్రితం ఆ మాట ఎంత నిజమో ఈనాడూ దాదాపు అంతే నిజం. అయితే ఆ మాట విన్న తరువాత రోగి ముందు మిగిలే కాలం మాత్రం అప్పటిలా లేదు. మా కుటుంబంలో ఒకరికి ఈ దశలో జబ్బు బయటపడిన నాటి నుంచి, వైద్యుడిని కాకపోయినా, కొత్త చికిత్సలను రోగులపై పోల్చిచూసే ట్రయళ్ల ఫలితాలను వెదికి చదవడం నాకు అలవాటైంది. "అద్భుత ఔషధం" అన్న శీర్షికతో వచ్చే వార్తకూ, అసలు నివేదికలో ఉండే అంకెలకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ చదువు వల్లే తెలిసింది. ఆ దూరాన్ని కొంతైనా తగ్గించాలన్నదే ఈ టపా ఉద్దేశం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతటా సుమారు 23 లక్షల మంది మహిళలకు రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ అయింది, 6 లక్షల 70 వేల మంది దానితో మరణించారు. ఆ మరణాలలో అత్యధిక భాగం జబ్బు ఇతర అవయవాలకు పాకడం వల్ల సంభవించినవే. కాబట్టి ముదిరిన దశలో చికిత్స ఎంత మెరుగుపడిందన్నది కొద్దిమందికి సంబంధించిన విషయం కాదు. ఈ మెరుగుదలలో కొత్త మందులకు ఎంత వాటా ఉందో, ఆ మందు ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పగలిగే పరీక్షలకూ అంతే వాటా ఉందని నా అభిప్రాయం. "ఇది ఏ రొమ్ము క్యాన్సర్?" అన్న ప్రశ్నను మొదట ఒకసారి వేసి వదిలేయకుండా, జబ్బు ముదిరిన ప్రతిసారీ వేయడం నేర్చుకోవడమే ఈ కాలపు వైద్యంలో నాకు కనిపించే అసలు మార్పు.

ఈ ప్రశ్నకు మూలాలు పాతవే. స్కాట్లాండుకు చెందిన శస్త్రవైద్యుడు జార్జ్ బీట్సన్ 1896లో, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలలో అండాశయాలను తొలగిస్తే కొందరిలో గడ్డలు కరుగుతున్నాయని ప్రకటించాడు. కొందరిలోనే ఎందుకన్నది అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. ఆ తరువాత ఎన్నో దశాబ్దాలకు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్, అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్, కొందరి గడ్డల్లో ఉంటుందన్న సంగతి బయటపడింది. 1977లో అమెరికాలో, ఆ రిసెప్టర్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్‌కు అనుమతి లభించింది. 1998లో, కణాన్ని పెరగమని ప్రేరేపించే హెర్‌2 అనే ప్రోటీన్‌ను గురిపెట్టే ట్రాస్టుజుమాబ్ వచ్చింది. ఈనాడు వైద్యులు ఈ జబ్బును స్థూలంగా మూడు గుంపులుగా చూస్తారు. హార్మోన్ రిసెప్టర్లు ఉండి హెర్‌2 లేనివి సుమారు 70 శాతం. హెర్‌2 అధికంగా ఉన్నవి 15 నుంచి 20 శాతం. ఈ రెండు రకాల గుర్తులూ లేనివి, అంటే ట్రిపుల్ నెగెటివ్ అని పిలిచేవి, మిగతావి.

హెర్‌2 కథను కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒక పరీక్షలోని చిన్న అంకె చికిత్సను ఎలా మార్చగలదో అక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. బయాప్సీలో తీసిన ముక్కను పల్చని పొరలుగా కోసి, హెర్‌2కు అంటుకునే రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కణం చుట్టూ ఉన్న పొరకు గోధుమరంగు ఎంత గాఢంగా, ఎంత మేర పట్టిందన్నదే కొలత. పదిశాతానికి మించిన కణాల చుట్టూ రంగు ముదురుగా, ఎక్కడా తెగకుండా పట్టి ఉంటే 3+. ఓ మోస్తరుగా చుట్టుకుంటే 2+, అప్పుడు జన్యువును లెక్కించే మరో పరీక్ష అవసరమవుతుంది. లేతగా, అక్కడక్కడ తెగుతూ కనిపిస్తే 1+. అంతకన్నా తక్కువైతే 0. చాలాకాలం పాటు 3+ అయినా, 2+ వచ్చి జన్యు పరీక్షలో రుజువైనా హెర్‌2 మందులు ఇచ్చేవారు. మిగిలిన అందరినీ ఒకే గాట కట్టి "నెగెటివ్" అని రాసి పక్కన పెట్టేవారు. రిపోర్టులో 1+ అని ఉన్నా, 0 అని ఉన్నా రోగికి తేడా ఏమీ ఉండేది కాదు.

హెర్‌2 పాజిటివ్ వారి సంగతి మొదట చూద్దాం. డెన్నిస్ స్లామన్ బృందం 2001లో ప్రచురించిన ట్రయల్‌లో కీమోథెరపీ ఒక్కటే తీసుకున్నవారు మధ్యగతంగా (సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది తక్కువ) 20.3 నెలలు జీవించగా, దానికి ట్రాస్టుజుమాబ్ జోడించినవారు 25.1 నెలలు జీవించారు. ఈనాటి కళ్లతో చూస్తే ఐదు నెలల తేడా చిన్నదిగా అనిపించవచ్చు గాని, అంతకుముందు అన్ని రకాల్లోకీ మొండిదిగా పేరుపడిన జబ్బు అది. ఆ తరువాత పెర్టుజుమాబ్ అనే రెండో యాంటీబాడీని (ట్రాస్టుజుమాబ్ లాగే హెర్‌2కు అంటుకునేలా తయారుచేసిన ప్రోటీన్‌ను) కలిపి చేసిన క్లియోపాత్రా ట్రయల్‌లో ఆ కాలం 56 నెలలు దాటింది. ఎనిమిదేళ్ల తరువాత కూడా వందకు 37 మంది బతికి ఉన్నారు. పాకిన జబ్బుతో ఎనిమిదేళ్లు అన్న మాట 1990లలో ఎవరైనా అంటే అత్యాశ అనేవారు.

ఇక్కడి నుంచి మందు రూపమే మారింది. యాంటీబాడీకి కీమో మందును ఒక లంకెతో అతికించి, హెర్‌2 ఉన్న కణం దాకా దానిని మోసుకెళ్లి, కణం లోపలికి వెళ్లాక ఆ లంకె తెగేలా చేయడం ఈ పద్ధతి సారాంశం. చిరునామా రాసి పంపిన పార్సిల్ వంటిదని అనుకోవచ్చు. ఈ తరహాలో రొమ్ము క్యాన్సర్‌కు మొదటి మందు 2013లో వచ్చింది, దాని పేరు ట్రాస్టుజుమాబ్ ఎంటాన్సిన్. రెండో మందు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్‌కు 2019 చివర్లో అమెరికాలో అనుమతి లభించింది. రెంటికీ యాంటీబాడీ ఒకటే. తేడా అంతా అది మోసే సరుకులో ఉంది. మొదటి దానిలో ఒక్కో యాంటీబాడీకి సగటున మూడున్నర మందు అణువులు ఉంటే రెండో దానిలో సుమారు ఎనిమిది ఉంటాయి. పైగా ఆ అణువులు తాము చేరిన కణాన్ని చంపి ఊరుకోకుండా, కణపు పొరను దాటి బయటికి వచ్చి పక్కనున్న కణాలను కూడా చంపగలవు. డెస్టినీ-బ్రెస్ట్03 అనే ట్రయల్‌లో ఈ రెంటినీ ముఖాముఖి పోల్చినప్పుడు, జబ్బు ముదరకుండా నిలిచిన కాలం పాతదానితో 6.8 నెలలు, కొత్తదానితో 28.8 నెలలు. క్యాన్సర్ ట్రయళ్లలో ఇంత తేడా కనబడడం అరుదు.

ఆ పక్క కణాలను చంపే గుణం వల్లే తరువాతి ప్రశ్న పుట్టింది. గడ్డలో హెర్‌2 కొద్దిపాటిగా ఉన్నా, అంటే రిపోర్టులో 1+ ఉన్నా, 2+ ఉండి జన్యు పరీక్షలో నెగెటివ్ అని వచ్చినా, మందు పార్సిల్‌ను దించడానికి ఆ కొద్దిపాటి చోటు సరిపోతుందా? 2022 జూన్‌లో షికాగోలో జరిగిన అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ సభలో డాక్టర్ షను మోదీ, ఈ ప్రశ్న కోసమే నడిపిన ట్రయల్ అయిన డెస్టినీ-బ్రెస్ట్04 ఫలితాలను వివరించినప్పుడు సభికులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కీమో తీసుకున్నవారు మధ్యగతంగా 16.8 నెలలు జీవించగా, ఈ మందు తీసుకున్నవారు 23.4 నెలలు జీవించారు. అంతవరకు హెర్‌2 నెగెటివ్ అని రాసిన గడ్డల్లో సగానికి పైగా ఈ "హెర్‌2 లో" అనే కొత్త గుంపులోకి వస్తాయి. ఆ తరువాత డెస్టినీ-బ్రెస్ట్06లో 0 అని రాసినవాటినీ మళ్లీ చూశారు. పదిశాతం లోపు కణాల్లో లీలగా రంగు కనిపించినా దానిని "అల్ట్రాలో" అన్నారు. 2025 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వారికీ ఈ మందును అనుమతించింది.

దీని వల్ల ఒక పని పడింది. ఏళ్ల క్రితం హెర్‌2 నెగెటివ్ అని రాసిన రిపోర్టులను మళ్లీ తెరచి, ఆ నెగెటివ్ వెనుక ఉన్నది సున్నానా, ఒకటా అని చూడవలసి వచ్చింది. మా ఇంటి ఫైలులోని పాత రిపోర్టులో "నెగెటివ్" అన్న మాటకు పక్కనే, చిన్న అక్షరాల్లో, 1+ అని ఉంది. అది రాసిన నాడు ఆ అంకెకు విలువ లేదు కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడలేదు, అందులో వారి తప్పూ లేదు. అయితే 0కూ 1+కూ మధ్య గీత గీయడంలో, ఆ ముక్కలను పరీక్షించే పెథాలజిస్టులు ఒకరితో ఒకరు ఏకీభవించని సందర్భాలు కొల్లలు. ఆ పరీక్షను మొదట తయారుచేసింది 3+ను పట్టుకోవడానికే గాని, లేత రంగుల మధ్య తేడా తేల్చడానికి కాదు. అందువల్ల ఒక ముక్కలో 0 వచ్చినంత మాత్రాన ఆ తలుపు మూసుకుపోయిందని అనుకోనవసరం లేదు. మరో ముక్కలో, మరో చోట తీసిన బయాప్సీలో ఫలితం మారవచ్చు.

ఇంత మెచ్చుకున్నాక ఈ మందు ప్రమాదాన్ని కూడా చెప్పాలి. ఊపిరితిత్తులలో వాపు రావడం దీని ముఖ్యమైన దుష్ప్రభావం. డెస్టినీ-బ్రెస్ట్04లో ఈ మందు తీసుకున్న వందమందిలో సుమారు 12 మందికి అది వచ్చింది, కొద్దిమంది దానితో మరణించారు. మొదట్లో అది పొడిదగ్గుగా, మెట్లెక్కితే కొంచెం ఆయాసంగా మాత్రమే ఉంటుంది. జలుబు చేసిందనుకొని తరువాతి సెలైన్ రోజు దాకా ఆగేవారే ఎక్కువ. ఆ మందు మూడు వారాలకు ఒకసారి ఎక్కిస్తారు కాబట్టి ఆ ఆగడం ఇరవై రోజులు కూడా కావచ్చు. కొత్తగా దగ్గు మొదలైతే ఆ రోజే ఫోను చేయాలని, స్కాన్ తీసి చూసేదాకా తరువాతి డోసు ఎక్కించరని, తొలి దశలో పట్టుకుంటే స్టెరాయిడ్లతో తగ్గే అవకాశం ఎక్కువని రోగికీ ఇంట్లోవారికీ మొదటి రోజే చెప్పడం అవసరం. ఎక్కించిన రోజున వాంతులు, జుట్టు రాలడం గురించి అందరూ చెబుతారు. దగ్గు గురించి చెప్పడం మరువకూడదు.

హార్మోన్ రిసెప్టర్ ఉన్న జబ్బుకు వస్తే, అక్కడ మార్పు మాత్రల రూపంలో వచ్చింది. కణం విభజన చెందడానికి ముందు దాటవలసిన ఒక కాపలా స్థలం ఉంటుంది. అక్కడ సీడీకే4, సీడీకే6 అనే ఎంజైములు పచ్చజెండా ఊపితేనే కణం ముందుకు కదులుతుంది. కణ విభజనను నడిపించే యంత్రాంగాన్ని కనుగొన్నందుకు లీలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు 2001లో నోబెల్ బహుమతి లభించింది. ఆ ఎంజైములను అడ్డుకునే పాల్బోసిక్లిబ్‌కు 2015లో, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్‌లకు 2017లో అనుమతులు వచ్చాయి. ఈస్ట్రోజెన్‌ను తగ్గించే లెట్రోజోల్ వంటి మాత్రకు (వీటినే ఇక్కడ హార్మోన్ మాత్రలు అంటున్నాను) వీటిలో ఒకటి జోడిస్తే జబ్బు ముదరకుండా నిలిచే కాలం సుమారు ఏడాది పెరుగుతుందని మూడు మందుల ట్రయళ్లూ చూపించాయి.

కాని మూడూ సమానమని అనలేము. మొనలీసా-2 ట్రయల్‌లో రైబోసిక్లిబ్ తీసుకున్నవారు మధ్యగతంగా 63.9 నెలలు, హార్మోన్ మాత్ర ఒక్కటే తీసుకున్నవారు 51.4 నెలలు జీవించారు. ఇంకా నెలసరి ఆగని స్త్రీలపై జరిపిన మొనలీసా-7లో మూడున్నరేళ్ల నాటికి రైబోసిక్లిబ్ గుంపులో వందకు 70 మంది, రెండో గుంపులో 46 మంది బతికి ఉన్నారు. పాల్బోసిక్లిబ్ ట్రయల్‌లో మాత్రం మొత్తం ఆయుష్షులో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు: 53.9 నెలలు, 51.2 నెలలు. ఈ తేడా మందులదా, ట్రయళ్లు నడిపిన తీరుదా అన్న వాదన ఉంది. దుష్ప్రభావాలూ వేరువేరు: పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్‌లతో తెల్ల రక్తకణాలు తగ్గుతాయి, రైబోసిక్లిబ్ మొదలుపెట్టినప్పుడు ఈసీజీ తీసి చూస్తారు, అబెమాసిక్లిబ్‌తో విరేచనాలు ఎక్కువ.

జబ్బు వేగంగా ఉంటే ముందు గట్టి కీమో ఇచ్చి అదుపులోకి తేవాలన్న నమ్మకం చాలాకాలం ఉండేది. రైట్ చాయిస్ అనే ట్రయల్ ఆ నమ్మకాన్ని నేరుగా పరీక్షించింది. కాలేయంలోనో, ఊపిరితిత్తులలోనో బరువుగా జబ్బు ఉన్న స్త్రీలలో రైబోసిక్లిబ్, హార్మోన్ మాత్రల జోడీ జబ్బును దాదాపు 22 నెలలు నిలువరించగా, రెండు మందుల కీమో సుమారు 13 నెలలు నిలువరించింది. హార్మోన్ రిసెప్టర్ ఉన్న జబ్బులో తొలి చికిత్సగా కీమోను వెనక్కి నెట్టిన ఫలితం ఇది. గట్టి మందు అంటే సెలైన్ ద్వారా ఎక్కించేదే అన్న భావన మన ఇళ్లలో బలంగా నాటుకుపోయింది గనుక, మాత్రలు ఇస్తే "ఇక చేతులెత్తేశారు" అని బంధువులు అనుకోవడం నేను చూశాను. ఆ అనుమానానికి ఈ ట్రయల్ కన్నా మంచి సమాధానం లేదు.

నెదర్లాండ్స్‌లో జరిగిన సోనియా ట్రయల్ ఇంకో కోణం నుంచి ఆలోచింపజేసింది. 1,050 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి ఈ మాత్రలను మొదటి చికిత్సలోనే, మరొకరికి మొదటి హార్మోన్ మాత్ర పనిచేయడం ఆగిన తరువాత ఇచ్చారు. రెండు చికిత్సలూ ముగిసే నాటికి గుంపుల మధ్య గణనీయమైన తేడా కనిపించలేదు. ముందే ఇచ్చినవారు మాత్రం మందును ఏడాదికి పైగా ఎక్కువ కాలం మింగారు, తీవ్రమైన దుష్ప్రభావాలను ఎక్కువగా అనుభవించారు. అందులో అత్యధికులు వాడింది పాల్బోసిక్లిబ్ కాబట్టి ఈ ఫలితాన్ని మూడు మందులకూ వర్తింపజేయడానికి నేను జంకుతాను. అయినా కంపెనీల డబ్బుతో కాకుండా ఇలాంటి ప్రశ్న కోసం ట్రయల్ నడిపినందుకు వారిని మెచ్చుకోవాలి; మందును ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్న తయారీదారుకు లాభం తెచ్చేది కాదు.

ఈ మాత్రలు ఒకనాటికి పనిచేయడం ఆగుతుంది. అప్పుడు గడ్డను మళ్లీ పరీక్షించాలి. హార్మోన్ తగ్గించే మాత్రల ఒత్తిడిలో పెరిగిన కణాల్లో ఈఎస్‌ఆర్‌1 అనే జన్యువులో మార్పు వస్తుంది. దానితో రిసెప్టర్ ఈస్ట్రోజెన్ లేకపోయినా తనంతట తానే పనిచేస్తూ ఉంటుంది. మొదటి బయాప్సీలో అది దాదాపు కనిపించదు, చికిత్స నడుస్తుండగా పుట్టుకొస్తుంది. కాబట్టి పాత ముక్కను ఎన్నిసార్లు పరీక్షించినా ప్రయోజనం లేదు. గడ్డ నుంచి రక్తంలోకి రాలే డీఎన్‌ఏ తునకలను పట్టుకునే రక్తపరీక్ష ఇక్కడే అక్కరకు వచ్చింది: సూదితో ఎముకనో, కాలేయాన్నో పొడవకుండా రెండు గొట్టాల రక్తంతో ఈ మార్పును చూడవచ్చు. అటువంటి వారి కోసం 2023 జనవరిలో ఎలాసెస్ట్రాంట్ అనే మాత్రకు అనుమతి లభించింది. ట్రయల్‌లో ఈఎస్‌ఆర్‌1 మార్పు ఉన్నవారందరినీ కలిపి చూస్తే జబ్బు నిలిచిన కాలం 1.9 నుంచి 3.8 నెలలకు మాత్రమే పెరిగింది. కాని అంతకుముందు సీడీకే మాత్రలతో ఏడాదికి పైగా నిలదొక్కుకున్నవారిలో అది 8.6 నెలలు. ఒకే మందు, రెండు అంకెలు. రోగి తన చరిత్రను బట్టి ఏ అంకె తనకు దగ్గరో అడిగి తెలుసుకోవాలి.

సెరెనా-6 అనే ట్రయల్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. స్కాన్‌లో జబ్బు పెరిగేదాకా ఆగకుండా, రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేస్తూ, ఈఎస్‌ఆర్‌1 మార్పు కనిపించగానే హార్మోన్ మాత్రను, రిసెప్టర్‌నే అడ్డుకునే కామిజెస్ట్రాంట్‌కు మార్చారు. 2025లో ప్రకటించిన ఫలితాల ప్రకారం జబ్బు నిలిచిన కాలం 9.2 నుంచి 16 నెలలకు పెరిగింది. ఆలోచన బాగుంది. అయినా స్కాన్‌లో పెరిగిన తరువాత మార్చినా చివరికి అంతే కాలం బతుకుతారేమోనన్న అభ్యంతరాన్ని చాలామంది నిపుణులు లేవనెత్తారు, అది న్యాయమైన అభ్యంతరం. ఒంట్లో బాగానే ఉన్న మనిషికి రక్తపరీక్షలో చెడువార్త చెప్పి, ఏమీ తెలియకపోయినా పెద్ద నష్టం జరిగేది కాదని తరువాత తేలితే, మధ్యలో ఆమె పడిన ఆందోళనకు లెక్క ఎవరు చెబుతారు?

హార్మోన్ రిసెప్టర్ ఉన్న గడ్డల్లో దాదాపు నలభై శాతంలో పీఐకే3సీఏ అనే మరో జన్యువు దెబ్బతిని ఉంటుంది. దానికి 2019లో అల్పెలిసిబ్, 2023లో ఆ జన్యువు సంకేతాలు నడిచే దారిలోని వేరే మెట్టును అడ్డుకునే కాపివాసెర్టిబ్, 2024లో ఇనావోలిసిబ్ వచ్చాయి. ఇనావోలిసిబ్‌ను పాల్బోసిక్లిబ్‌తోనూ, ఫుల్వెస్ట్రాంట్ అనే హార్మోన్ చికిత్స ఇంజెక్షన్‌తోనూ కలిపి ఇచ్చిన ట్రయల్‌లో ఆయుష్షు 27 నుంచి 34 నెలలకు పెరిగింది. ఈ జన్యువు దారి, ఇన్సులిన్ దారి ఒకటే కాబట్టి రక్తంలో చక్కెర పెరగడం ఈ మందుల సహజ లక్షణం. మధుమేహం ఉన్నవారు ముందుగానే ఆ సంగతి తేల్చుకోవాలి.

ఇక్కడ ఆగి, పైన వాడిన అంకెల గురించి కొంత చెప్పాలి. "జబ్బు ముదరకుండా నిలిచిన కాలం" వేరు, "బతికిన కాలం" వేరు. మొదటిది పెరిగినంత మాత్రాన రెండోది పెరుగుతుందన్న హామీ లేదు. ట్రిపుల్ నెగెటివ్ జబ్బుకు అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురికొల్పే) మందుకు 2019లో అమెరికాలో త్వరిత అనుమతి ఇచ్చారు. తరువాతి ట్రయల్‌లో ప్రయోజనం రుజువు కాకపోవడంతో 2021లో కంపెనీయే రొమ్ము క్యాన్సర్‌కు ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. ఇక మధ్యగతం అంటే సగం మంది అంతకన్నా తక్కువ కాలం, సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం అని మాత్రమే అర్థం. అది ఏ ఒక్కరికీ రాసిపెట్టిన గడువు కాదు. 24 నెలలు అని విని క్యాలెండర్ చూసుకునే రోగికి ఈ ఒక్క సంగతి వైద్యుడు కూర్చోబెట్టి చెప్పడం ఏ మందుకూ తీసిపోని మేలు.

ట్రిపుల్ నెగెటివ్ జబ్బులో పురోగతి నెమ్మదిగానే సాగింది, అయినా సాగింది. రోగనిరోధక కణాలను అడ్డుకునే పీడీ-ఎల్‌1 అనే ప్రోటీన్ గడ్డలో ఎంత ఉందో చెప్పే స్కోరు 10 లేదా అంతకు మించి ఉన్నవారిలో కీమోకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు జోడిస్తే ఆయుష్షు 16.1 నుంచి 23 నెలలకు పెరిగిందని కీనోట్-355 అనే ట్రయల్ చూపింది. ఆ స్కోరు లేనివారికి ఈ మేలు దక్కలేదు. అప్పటికే పలు చికిత్సలు విఫలమైనవారిలో సాసిటుజుమాబ్ గోవిటెకాన్ అనే మరో పార్సిల్ మందు ఆయుష్షును 6.7 నుంచి 12.1 నెలలకు పెంచింది. ఇమ్యునోథెరపీ పనికిరానివారికి మొదటి చికిత్సగా, కీమోకు బదులు డాటోపొటమాబ్ డెరక్స్‌టెకాన్ అనే పార్సిల్ మందు ఇస్తే 18.7కు బదులు 23.7 నెలలు జీవించారని 2025లో యూరప్ క్యాన్సర్ వైద్యుల సభలో ప్రకటించారు. పుట్టుకతోనే, డీఎన్‌ఏకు మరమ్మతు చేసే బీఆర్‌సీఏ జన్యువులో లోపం ఉన్నవారికి 2018 నుంచి ఓలాపరిబ్, టాలజోపరిబ్ మాత్రలు ఉన్నాయి. ఆ పరీక్ష ఫలితం రోగి ఒక్కరిదే కాదు, ఆమె అక్కచెల్లెళ్లకూ పిల్లలకూ సంబంధించినది కూడా.

మెదడుకు పాకిన జబ్బు ఉన్నవారిని పాత ట్రయళ్లలో చాలావాటిలో చేర్చుకునేవారు కాదు. హెర్‌2 పాజిటివ్ జబ్బు ముదిరినవారిలో సగం మంది దాకా ఎప్పుడో ఒకప్పుడు ఈ స్థితికి చేరే అవకాశం ఉన్నా, వారి మీద మందు ఎలా పనిచేస్తుందో అంతగా చూడలేదన్నమాట. హెర్‌2క్లైంబ్ అనే ట్రయల్ వారిని కావాలనే చేర్చుకుంది. హెర్‌2ను అడ్డుకునే టుకాటినిబ్ మాత్రను ట్రాస్టుజుమాబ్‌తోనూ, కేపెసిటబిన్ అనే కీమో మాత్రతోనూ కలిపి ఇస్తే మెదడులో జబ్బు ఉన్నవారి ఆయుష్షు 12.5 నుంచి 21.6 నెలలకు పెరిగింది.

చేయనవసరం లేని పనిని గుర్తించడం కూడా పురోగతే. జబ్బు పాకిన తరువాత రొమ్ములోని మూల గడ్డను తీసేస్తే ఆయుష్షు పెరుగుతుందా అని ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం 350 మందిపై పరీక్షించి, పెరగదని 2015లో ప్రచురించింది. అమెరికాలో జరిగిన మరో ట్రయల్ 2022లో అదే మాట చెప్పింది: మూడేళ్ల నాటికి శస్త్రచికిత్స చేయించుకున్నవారూ చేయించుకోనివారూ వందకు సుమారు 68 మంది చొప్పున బతికి ఉన్నారు. పుండు పడడం, రక్తం కారడం వంటి ఇబ్బంది ఉంటే ఆపరేషన్ వేరే సంగతి. ఎముకలకు పాకినవారికి నెలనెలా ఎక్కించే, ఎముకలను కాపాడే జోలెడ్రోనిక్ ఆమ్లాన్ని మూడు నెలలకోసారి ఎక్కించినా ఎముకలు విరగడంలో తేడా ఉండదని 2017లో తేలింది. ఏడాదికి పన్నెండు సార్లు సూది వేయించుకునేవారికి అది నాలుగు సార్లు కావడం చిన్న విషయం కాదు.

నొప్పి, నిద్ర, ఆయాసం, భయం వంటివాటిని చూసే పాలియేటివ్ వైద్యుల దగ్గరికి మందులన్నీ అయిపోయాకే వెళ్లాలన్న అపోహ మాత్రం ఇంకా పోలేదు. వారి వైద్యం మొదటి రోజు నుంచే క్యాన్సర్ మందుతో పాటు నడవవచ్చు; నడిస్తే రోగి ఆ మందును ఎక్కువ కాలం తట్టుకోగలుగుతుంది.

చివరగా, స్కాన్‌లో జబ్బు పెరిగిందని చెప్పిన రోజున వైద్యుని గదిలో అడగడానికి నేను ఒక కాగితం మీద రాసి పెట్టుకున్న ప్రశ్నలు ఇవి. కొత్తగా పెరిగిన చోటు నుంచి బయాప్సీ తీయడం సాధ్యమేనా, ఎందుకంటే పాకిన గడ్డలో హార్మోన్, హెర్‌2 గుర్తులు మొదటి గడ్డతో సరిపోలకపోవచ్చు. సాధ్యం కాకపోతే రక్తంలో ఈఎస్‌ఆర్‌1, పీఐకే3సీఏ చూడగలరా. పాత రిపోర్టులో హెర్‌2 నెగెటివ్ అంటే 0నా, 1+నా, 2+నా. బీఆర్‌సీఏ పరీక్ష ఎప్పుడైనా చేశారా. ఇప్పుడు ఇవ్వబోయే మందు తరువాత ఏ మందులకు దారి మిగులుతుంది, ఏ దారి మూసుకుపోతుంది. ముఖ్యంగా పార్సిల్ తరహా మందులలో ఒకటి పనిచేయడం ఆగాక, అదే జాతి సరుకు మోసే మరొకటి ఇస్తే ప్రయోజనం తరచు తక్కువగా ఉంటోంది కాబట్టి, వాటిలో ఏది ముందు అన్నది ఆ గదిలోనే, మొదటి మందు ఎక్కించక ముందే తేల్చుకోవలసిన విషయం.